చిక్కుడు చీటీ: ‘బంకభంజని’ అను వ్యాఖ్యతో

అవతారిక

ధనుర్మాసం. ఏ గుడి మైకు విన్నా తిరుప్పావై వ్యాఖ్యానమే. రోజుకొక పాశురం చొప్పున ముప్ఫై రోజుల పని. మా ఇంట్లో ఉన్న మూలగ్రంథం అంత పెద్దది కాదు. అయిదే వాక్యాలు, పాల బిల్లు వెనక, నీలం సిరాతో. మా ఆవిడ రాజమండ్రిలో వాళ్లక్క ఇంటికి వెళ్తూ రాసి, ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఇరికించిపోయిన చీటీ. రైలు తెల్లవారుజామున. నేను లేచేసరికి కర్త లేదు, కృతి ఉంది. మన సాహిత్యంలో చాలా గ్రంథాల పరిస్థితి ఇదే కాబట్టి కంగారు పడలేదు.

ఫోన్ చేసి అడగొచ్చుగా అంటారు. కవినే అడిగి తెలుసుకునే పనయితే వ్యాఖ్యాతలంతా ఏమైపోవాలి?

కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెతుకుసీమ వాడు. ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ మొదట్లోనే మాటిచ్చి మరీ మొదలుపెట్టాడు. అందులో మొదటి సగానికి నేనూ కట్టుబడి ఉంటాను.

మూలము

చిక్కుడు పాదుకు బంక పట్టింది. చీమలు ఎక్కుతున్నాయి. మందు కొట్ట…ండి. నీళ్లు కొట్టి వేపనూనె వాడండి. మొసలిపిల్లల జోలికి పోకండి.

పాఠవిచారము

మూడో వాక్యంలోని చుక్కలు కర్త పెట్టినవి కావు. అక్కడ కాఫీ గ్లాసు అడుగు పడింది. గ్లాసు ఎవరిదన్నది ఇక్కడ చర్చనీయాంశం కాదు. ‘ట్ట’కీ సున్నకీ మధ్య నీలం మడుగు కట్టి, అక్కడ అక్షరం ఉందో లేదో తెలియకుండా పోయింది. ‘కొట్టండి’ అని ఒక పాఠం, ‘కొట్టకండి’ అని ఇంకో పాఠం. మొదటిది విధి, రెండోది నిషేధం. రెంటికీ మధ్య అడ్డున్నది ఒక్క ‘క’.

పై వాటా మేష్టారు చీటీని కిటికీ వెలుతురుకు పట్టి చూసి ‘కొట్టండి’ అనే తేల్చారు. “బంక పట్టిందన్నాక మందు కొట్టకపోవడమేమిటండీ? జ్వరమొచ్చింది, మాత్ర వేసుకోకండి అన్నట్టు!” అని ఆయన యుక్తి. ఆయన దగ్గర పురుగుల మందు సగం సీసా మిగిలి ఉంది కూడా. నేను స్కేలు పెట్టి మరక కొలిచాను. సరిగ్గా ఒక ‘క’ పట్టేంత ఉంది. కాని మా ఆవిడ అక్షరాలను ఎడం ఎడంగా రాస్తుంది. అంత ఖాళీలో ఏ అక్షరమూ లేకపోయినా ఆశ్చర్యం లేదు. లిపి సాక్ష్యం తేలలేదు కనుక అర్థంలోకి దిగాల్సిందే.

ప్రతిపదార్థము

చిక్కుడు పాదుకు = డాబా మీద దక్షిణపు పిట్టగోడ పక్కన, పాత పెయింటు డబ్బాల్లో ఆషాఢంలో పెట్టిన విత్తుల నుంచి మొలిచి, రెండు నెలలు ఉత్త ఆకులతో కాలక్షేపం చేసి, పగళ్లు పొట్టివయ్యాక పూతకొచ్చిన తీగకు. పాదు అంటే మొక్క చుట్టూ తీసే గుంట అని కూడా అర్థముంది. గుంటకు బంక పట్టదు కనుక ఇక్కడ తీగ అనే చెప్పుకోవాలి. పందిరికి నాలుగు గుంజలు. గుంజల అడుగున ఆవిడ గ్రీజు పూసిన గుడ్డలు చుట్టింది. ఎందుకో నేను అడగలేదు. ఒక గుంజ నుంచి పిట్టగోడ మేకు దాకా కార్తీకంలో నేను కట్టిన బట్టల తాడు ఉంది. అది ఇక్కడ అప్రస్తుతం.

‘చిక్కుడు’ అని ప్రత్యేకించి చెప్పినంత మాత్రాన పక్కనున్న వంగ, మందారం క్షేమమని కాదు. వాటి ఆకుల కిందా ఉంది. కాని రథసప్తమికి చిక్కుడు కాయలతోనే రథం కట్టాలి, చిక్కుడాకులోనే పరమాన్నం పెట్టాలి. అందుచేత ఆవిడ చూపు ముందు అటే పోయింది. ఆ పండక్కే కావలసిన ఇంకో ఆకు జిల్లేడు. దాని లేతకొమ్మ తిప్పి చూడండి, పసుపుపచ్చని పురుగులు నల్ల కాళ్లతో గుత్తులుగా ఉంటాయి. అదీ ఈ కుటుంబమే, జాతి వేరు. అది గన్నేరు మీదికి పోతుంది కాని చిక్కుడు మొహం చూడదు. చిక్కుడు మీద ఉండేది నల్లది. అలసందనూ వేరుశనగనూ పట్టేది కూడా అదే.

బంక = జిగురు. తుమ్మబంక, వేపబంక అన్నప్పటి బంక. చిక్కుడుకు అలాంటి జిగురు కారదు కనుక ముఖ్యార్థం పొసగదు. లక్షణావృత్తి చేత ‘జిగురును కలిగించే పురుగు’ అని గ్రహించాలి. రైతుల మాటలో పేనుబంక. ఇదేం సమాసం? పేనూ బంకా అని ద్వంద్వం చెప్పేవారున్నారు. పేనువంటి బంక అనేవారూ ఉన్నారు. బంక పేనులా నడవదు కనుక అది చెల్లదు. దొంగ వలన భయం దొంగభయం అయినట్టు, పేను వలన బంక పేనుబంక. పంచమీ తత్పురుషమే. ఇది వ్యాకరణంతో పోయే సంగతి కాదు. ఈ విగ్రహవాక్యంలోనే పురుగు బతుకంతా ఉంది.

ఎలాగంటే, దాని ముక్కు సూదిలా ఉంటుంది. లేతకొమ్మలో గుచ్చి, ఆకులు వండిన తీపిని కిందికి మోసుకుపోయే నాళం దొరికేదాకా దింపి, అక్కడ కూర్చుంటుంది. ఆ రసం చాలా మట్టుకు పంచదార పానకం. ఒళ్లు పెంచే సరుకు అందులో బహు తక్కువ. శ్రీరామనవమి పందిట్లో పానకం ఒక్కటే తాగి పిల్లల్ని పెంచమంటే ఎన్ని బిందెలు కావాలో లెక్క వేసుకోండి. పురుగుదీ అదే లెక్క. తాగుతూనే ఉంటుంది. కావలసినది పిండుకుని, మిగిలిన తీపిని వెనక నుంచి చుక్కలు చుక్కలుగా వదులుతుంది. ఆ చుక్కే బంక. పానకంలో బొత్తిగా దొరకని పోషకాలను దాని ఒంట్లోనే కాపురమున్న బుక్నెరా అనే సూక్ష్మజీవి వండి పెడుతుంది. తల్లి నుంచి పిల్లకు వంటమనిషి కూడా సంక్రమిస్తుందన్నమాట. ఇంతటి ఏర్పాటు జమీందార్ల ఇళ్లలో కూడా ఉండేది కాదు.

ఇక్కడ పూర్వవ్యాఖ్యాతల పొరపాటు ఒకటి ఎత్తి చూపాలి. ఈ పురుగు వెనక భాగాన రెండు సన్నని గొట్టాలు పొడుచుకుని ఉంటాయి. తేనె వాటిలోంచే వస్తుందని యూరపులో పాత ప్రకృతి శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. కాదు. తేనె వచ్చే తోవ వేరు. గొట్టాల్లోంచి వచ్చేది ప్రమాద సూచన. శత్రువు పట్టుకున్నప్పుడు అక్కడొక చుక్క వెలువడుతుంది. ఆ వాసనకు ఇరుగుపొరుగువి ముక్కు పీక్కుని పక్కకి జారుకుంటాయి, కొన్ని కింద పడిపోతాయి.

బంక పడిన ఆకు మీద నాలుగు రోజుల్లో నల్ల బూజు లేస్తుంది. ఆకు మాడిపోయిందని భయపడి తుంచేస్తుంటారు. ఆ మసి ఆకును తినదు, బంకను తిని బతుకుతుంది. తడిగుడ్డతో తుడిస్తే కింద ఆకు పచ్చగానే ఉంటుంది. కాకపోతే తుడవనంతకాలం వెలుతురు అందనివ్వదు.

లక్షణము

పురుగును గుర్తించనిదే వ్యాఖ్య నడవదు. లక్షణం చెప్పేటప్పుడు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే మూడు దోషాలు తగలకూడదని తార్కికులు అంటారు. ‘నల్లగా ఉండేది పేనుబంక’ అంటే వంగ మీది పచ్చదానికీ, జిల్లేడు మీది పసుపుదానికీ చెల్లదు, అవ్యాప్తి. ‘రసం పీల్చేది’ అంటే పిండినల్లి, తెల్లదోమ, పచ్చదోమ అన్నీ లోపలికొచ్చేస్తాయి, అతివ్యాప్తి. ‘తలలో ఉండేది’ అంటే అసంభవం. ఆ పేను వేరు, ఈ పేను వేరు.

కనుక నేను చెప్పేది: లేత చివళ్ల మీదా, పూల కాడల మీదా, ఆకు అడుగునా గుంపుగా ఉండి, కొమ్మ ఊపితే ఎగరక, వెనక రెండు గొట్టాలు గలది పేనుబంక. ఊపగానే తెల్లపొడిలా లేస్తే తెల్లదోమ. ముట్టుకోబోతే ఏటవాలుగా అడ్డంగా పరుగెత్తితే పచ్చదోమ. దూదిలా తెల్లగా అంటుకుని ఉంటే పిండినల్లి.

స్టాంపులు చూసే భూతద్దం పట్టుకుని డాబా మీదికి వెళ్లాను. ఒక చివురు తిప్పితే జానెడు మేర కాడ కనపడలేదు, అంతా నలుపే. పెద్దవి ఆవగింజంత ఉండి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పిల్లలకు ఆ మెరుపు లేదు, బూడిద అద్దినట్టున్నాయి. అన్నిటి తలలూ కొమ్మకు ఆనుకుని, వెనక భాగాలు కొద్దిగా ఎత్తి ఉన్నాయి. అక్కడక్కడ తెల్లని పొట్టు. నిరుడు దాన్ని నేను మరో పురుగు అనుకున్నాను. అవి పెరుగుతూ విడిచిన చర్మాలు. పెద్దదయ్యేలోపు నాలుగు సార్లు విడుస్తుంది. చూస్తూ ఉండగానే ఒకదాని వెనక నుంచి చిన్న పిల్ల కాళ్లు కదుపుకుంటూ బయటికొచ్చింది. తల్లి ముక్కు కొమ్మలోంచి తీయలేదు. పురుడు పోసుకుంటూ కూడా భోజనం మానని జీవి.

గుడ్డు లేదు, మగ పురుగు లేదు. చలి దేశాల్లో శీతాకాలం ముందు మగవి కూడా పుట్టి, ఆడవి గుడ్లు పెట్టే ఏర్పాటు ఉంది కాని, మన వేడికి ఆ అవసరం రాదు. ఏడాది పొడుగునా తల్లులు తల్లుల్నే కంటారు. 1740లో జెనీవాలో షార్ల్ బొనే అనే ఇరవై ఏళ్ల కుర్రవాడు అప్పుడే పుట్టిన ఒక పురుగును గాజు మూత కింద ఒంటరిగా ఉంచి, నెల రోజుల పైన కళ్లు కాయలు కాసేలా కాపలా కాశాడు. మగ పురుగు నీడ కూడా పడకుండా అది 95 పిల్లల్ని కన్నది. కుంతికైనా మంత్రం కావలసి వచ్చింది. పైగా తల్లి కడుపులో ఉన్న పిల్ల కడుపులో అప్పుడే మనవరాలు రూపు కట్టడం మొదలుపెట్టి ఉంటుంది. పుట్టిన వారం పది రోజులకు ఆ పిల్లే తల్లి. రక్తబీజుడితో పోలిక చెబుదామనుకున్నాను కాని ఉపమ కుదరలేదు. వాణ్ణి కొడితే పుట్టాడు, ఇది కొట్టకపోయినా పుడుతుంది.

పట్టింది = దయ్యం పట్టింది, శని పట్టింది, తుప్పు పట్టింది అన్నట్టు. ఎక్కణ్ణుంచి వచ్చి పట్టింది? ‘మబ్బు పట్టింది, మంచు పడింది, బంక పడింది’ అని పల్లెల్లో వరసగా చెబుతారు. ఆకాశం నుంచే రాలుతుందని ఆ మాటకు అర్థం చెప్పేవారున్నారు. రోము నగరపు ప్లినీ అంతటివాడు కూడా ఆకుల మీది తీపి మంచును చూసి, ఇది ఆకాశానికి పట్టిన చెమటా, చుక్కల ఎంగిలా అని తర్జనభర్జన పడ్డాడు. కాని ఊరి వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. చల్లని మబ్బు రోజులు పురుగుకు హాయి. గట్టి వాన పడితే కొట్టుకుపోతుంది. అసలు రాక మాత్రం రెక్కల మీద. కొమ్మ మీద జనం పెరిగి ఇరుకైనా, రసం తగ్గినా, అంతదాకా రెక్కల్లేని పిల్లల్ని కన్న తల్లులే రెక్కలొచ్చే పిల్లల్ని కంటాయి. అవి గాలివాటున వచ్చి వాలతాయి. ఒక్కటి వాలితే చాలు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందన్న సామెత ఈ పేనుకు కూడా చెల్లుతుంది.

పెత్తనం ఇచ్చింది నేనే. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు వారానికి మూడు సార్లు పోశాను, తీగ నల్లగా నిగనిగలాడుతోందని మురిసిపోయాను. నత్రజని ఎక్కువైన తీగ రసం ఈ పురుగుకు పానకంలో పప్పు కలిపి పెట్టినట్టు.

చీమలు ఎక్కుతున్నాయి = స్పష్టము.

మందు = నానార్థ పదం. ఔషధం, తుపాకీలో కూరేది, సీసాలో ఉండేది. కొట్టు ధాతువు చేరితే రెండే అర్థాలు మిగులుతాయి: చల్లడం, తాగడం. ఇది శ్లేష. కర్తకు ఉద్దిష్టమా? నాలుగు రోజులు ఒంటరిగా ఉండబోయే భర్తకు రాసిన చీటీ అని గుర్తుంచుకుంటే ఉద్దిష్టమనే చెప్పాలి. అప్పుడు ‘క’ ఉండి తీరాలి. ఏ ఇల్లాలూ మందు కొట్టండి అని చీటీ రాసిపెట్టి ఊరెళ్లదు. ఈ యుక్తి విన్నాక మేష్టారి గొంతు కాస్త తగ్గింది.

శ్లేషను పక్కన పెట్టినా, ‘క’కు నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. నిరుడు ఇదే రోజుల్లో నేను ఒక దుకాణంలో అడిగితే సీసా చేతికిచ్చారు. ఇమిడాక్లోప్రిడ్. పొగాకులోని నికోటిన్ పనితీరును చూసి ఆ వరసలో తయారుచేసిన మందు. కొట్టిన మర్నాటికి కొమ్మ కడిగినట్టు అయింది. నేను మీసం దువ్వుకున్నాను. పన్నెండో రోజుకు చూస్తే మునుపటికంటే చిక్కగా నలుపు. కారణం తరవాత తెలిసింది. పురుగుతోపాటు దాన్ని తినేవీ పోయాయి. పురుగు సంసారం వారంలో నిలబడుతుంది, దాన్ని తినేవాటికి గుడ్డు నుంచి పెద్దవ్వడానికి రెండు మూడు వారాలు కావాలి. అంతవరకు పేనుబంకది ఆడింది ఆట.

ఇంకో చిక్కు ఉంది. చిక్కుడు కాయ మూడు రోజులకోసారి కోస్తాం. మందు కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులు ఆగితే కాయ ముదురుతుంది, ఆగకపోతే మందు కూరలోకొస్తుంది. తీగ నిండా పూలు, పూల నిండా తేనెటీగలు. పెరటి చిక్కుడుకు ఈ జాతి మందు దండగ అనే నా అభిప్రాయం. ఎకరాల్లో పండించేవారి లెక్కలు వేరు, వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

మందు చేయలేని పని కూడా ఒకటుంది. బొప్పాయి మీద ఈ పురుగులు కాపురం పెట్టవు. దారిన పోతూ వాలి, ఒకసారి ముక్కు గుచ్చి, రుచి నచ్చక లేచిపోతాయి. ఆ ఒక్క గుచ్చుడులోనే వలయపు మచ్చ వైరసును అంటించి పోతాయి. మందు తాకి చచ్చేలోపు ఆ పని అయిపోతుంది.

నీళ్లు కొట్టి = పైపు మూతిని బొటనవేలితో సగం మూసి, ఎడమ అరచెయ్యి చివురు వెనక ఆనించి, అడుగు నుంచి పైకి కొట్టి. అరచెయ్యి ఆనించకపోతే చివురే విరుగుతుంది. మొదటి రోజు రెండు విరిచాను. పొద్దున పూట కొడితే సాయంత్రానికి ఆకు ఆరుతుంది. ఒత్తిడికి ముక్కు ఊడి పడిన పురుగుల్లో మళ్లీ ఎక్కి వచ్చేవి బహు కొద్ది. మరీ నల్లగా ఉన్న చివళ్లను తుంచి సబ్బునీళ్ల బకెట్లో వేశాను. చిక్కుడు చివళ్లు తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది కనుక నష్టం లేదు.

ఇక్కడ సూక్ష్మం గమనించాలి. మూడో వాక్యంలో మందుకు వాడిన ధాతువునే నాలుగో వాక్యంలో నీళ్లకూ వాడింది. ఇది కాదు, అది అని ఎదురు నిలిపి చెప్పడానికే ఈ పునరుక్తి. మందు కొట్టమన్నది ఉద్దేశమైతే నీళ్లతో పనేముంది? ‘క’కు బలం పెరుగుతోంది.

వేపనూనె = లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు. నూనె నీళ్లలో కలవదు కనుక కుంకుడు రసమో, కాస్త మెత్తని ద్రవ సబ్బో చేర్చి ముందు నూనెను చిలికి, తరవాత నీళ్లు పోయాలి. బట్టల సోడా పొడి వేస్తే ఆకు మాడుతుంది. ధనుర్మాసంలో నూనె సీసాలోనే పేరుకుంటుంది. చెడిపోయిందని పారేయకుండా గోరువెచ్చని నీళ్లలో సీసా నిలబెడితే మళ్లీ జారుతుంది. ఎండ దిగాక, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. ముందు రెండాకుల మీద చల్లి ఒకరోజు చూడడం మంచిది. వారానికోసారి మళ్లీ. పురుగుకు తగలని నూనె వల్ల పెద్ద లాభం లేదు. వెంటనే చావదు కూడా, కాబట్టి రెండో రోజే తిట్టుకోకూడదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ నల్లగొండ వైపు మనిషి. “గివన్నెందుకు సారూ, పొద్దుగాల మంచు మీద ఇంత బూడిద సల్లుండ్రి” అంది. పాత పద్ధతే, పనిచేసేదే. కాని కట్టెల పొయ్యి లేని ఇంట్లో బూడిద అంటే అగరొత్తుల కింద రాలిందే.

మొసలిపిల్లల = ఈ మాట దగ్గర నేను ఒక పూట ఆగిపోయాను. మూడో అంతస్తు డాబా మీద మొసలి ఎక్కణ్ణుంచి వస్తుంది? గజేంద్రమోక్షం తీసి చూశాను, ఉపయోగపడలేదు. బల్లులని అర్థం చెప్పాను, తృప్తి కలగలేదు. మూడో రోజు పొద్దున భూతద్దంతో ఒక ఆకు అడుగు చూస్తుంటే దొరికింది. పావు అంగుళం పొడుగు, నలుపు మీద నారింజ చుక్కలు, గరుకు వీపు, రెండు వైపులా బయటికి చాచిన ఆరు కాళ్లు, వెనక సన్నబడిన తోక. అచ్చు మొసలి నడకే. ఒక పేనుబంకను నడుం దగ్గర పట్టి పైకెత్తి నములుతోంది. అది ముగించి, పక్కదాని మీదికి తల తిప్పింది. తినబడేది కాళ్లు కొట్టుకుంటుంటే రెండంగుళాల దూరంలో మిగతావి నిశ్చింతగా పానకం తాగుతున్నాయి.

అక్షింతల పురుగు పిల్ల అది. పసుపో ఎరుపో రంగు మీద నల్ల మచ్చలతో, పెసరగింజ సగానికి కోసినట్టుండే పెద్దదాన్ని అందరూ గుర్తుపడతారు, ముద్దు చేస్తారు. పిల్లను చూసి మాత్రం ఇదేదో భయంకరమైన చీడ అని నలిపేస్తారు. నిరుడు నేను వేళ్లతో నలిపినవి ఇవే. బతికినన్ని రోజుల్లో ఒక్కొక్కటి వందల కొద్దీ పేనుబంకను తింటుంది.

మొసలిపిల్లలు అనడం ఉపలక్షణం. కాకులు రాకుండా పెరుగు చూస్తుండు అంటే పిల్లి వస్తే ఊరుకోమని కాదు కదా. కనుక కాళ్లు లేకుండా ఆకుపచ్చని జలగలా పాకే సిర్ఫిడ్ ఈగ పిల్లనూ, వెంట్రుకంత కాడ మీద తెల్ల చుక్కలా నిలబెట్టిన అల్లిక రెక్కల పురుగు గుడ్డునూ కూడా ముట్టుకోకూడదని గ్రహించాలి. గుంపులో ఒకటో రెండో ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఉంటే వాటినీ వదిలేయాలి. వాటి లోపల దోమకంటే చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోంది. వీపున గుండ్రటి చిల్లు కనిపిస్తే అది పెరిగి వెళ్లిపోయిందని అర్థం.

జోలికి పోకండి = స్పష్టము.

పాఠనిర్ణయము

గ్రంథతాత్పర్యం తేల్చడానికి మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పారు. నాకు ఒక్కటి చాలు, ఉపసంహారం. చివరి వాక్యం ‘పోకండి’. అక్కడ చెరగలేదు, ‘క’ నిక్షేపంలా ఉంది. మొసలిపిల్లల జోలికే పోవద్దన్న కర్త, వాటిని గుంపుగా చంపే మందు కొట్టమని రెండు వాక్యాల ముందు ఎలా అంటుంది? ఒకే చీటీలో తనను తాను ఖండించుకునే అలవాటు ఆవిడకు లేదు. నన్ను ఖండించడమే అలవాటు. కనుక ‘కొట్టకండి’ అన్నదే సాధుపాఠం. మేష్టారు ఒప్పుకుని సీసా తీసుకుని పైకి వెళ్లిపోయారు.

తాత్పర్యము

ఓ భర్తా, చిక్కుడు తీగను పేనుబంక ఆశ్రయించింది. చీమలు ఎక్కుచున్నవి. నీవు రసాయనపు మందు చల్లకుము, సారాయి కూడా తాగకుము. నీటిధారతో పురుగును రాల్చి, వేపనూనె చిలికి ఆకుల అడుగున చల్లుము. అక్షింతల పురుగు పిల్లలను హింసింపకుము అని భావము. అలంకారం శ్లేష. రీతి మా ఆవిడ రీతి.

ఉత్తరపీఠిక

నాలుగో రోజు సాయంత్రం ఆవిడ వచ్చింది. బ్యాగు కింద పెట్టి నేరుగా డాబా మీదికి. నేను వ్యాఖ్య కాగితాలతో వెనకే ఎక్కాను. తీగ మూడు వంతులు శుభ్రపడింది. కింది కొమ్మల్లో మొసలిపిల్లలు తిరుగుతున్నాయి. పిట్టగోడ వైపున్న ఒక మూల మాత్రం చివళ్లు నల్లగా, మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అక్కడ మొసలిపిల్ల ఒక్కటీ లేదు.

“చీమల సంగతి చూడమన్నానుగా?” అంది.

చూడమనలేదనీ, ఎక్కుతున్నాయని మాత్రమే ఉందనీ, అది వర్తమాన కాలపు క్రియ అనీ, విధ్యర్థకం కాదనీ మూలం తీసి చూపించాను. ఆవిడ మూలం చూడలేదు. తాడు చూపించింది. నేను కట్టిన బట్టల తాడు. దాని మీద పిట్టగోడ నుంచి పందిరిలోకి నల్లచీమలు బారుగా వెళ్తున్నాయి. తిరిగి వచ్చేవాటి పొట్టలు తేనెతో ఉబ్బి, వెలుతురుకు అద్దాల్లా ఉన్నాయి. ఒక చీమ మీసాలతో పేనుబంక వీపు తట్టింది. అది వెనక నుంచి చుక్క ఇచ్చింది. చీమ తాగి పక్కదాని దగ్గరికి వెళ్లింది. పాడిపశువుల్ని చూసుకున్నట్టే. పాలిచ్చే పశువు దగ్గరికి పులిని ఎవరు రానిస్తారు? మొసలిపిల్ల కనపడితే కరిచి తరిమేస్తాయి, గుడ్లు దొరికితే మోసుకుపోతాయి. చీమలు కాపలా ఉన్నంతకాలం మిగతా నాలుగు వాక్యాలూ ఆ మూలలో చెల్లవు.

గుంజలకు గ్రీజు గుడ్డలు ఎందుకో అప్పుడు తెలిసింది. కింది నుంచి దారి మూసి, పైనుంచి వంతెన వేసింది నేను.

“మరి ఇది చీటీలో సరిగ్గా రాయొచ్చుగా?” అన్నాను.

“రెండో వాక్యం అదేనండీ,” అంది. కింద వంటింట్లోకి వెళ్లాక చీటీ మీది మరకను ఒకసారి చూసి, “గ్లాసు కింద ప్లేటు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను?” అని కూడా అంది. ‘క’ గురించి అడిగాను. అదీ అడగాలా అన్నట్టు చూసింది.

తప్పొప్పుల పట్టిక

‘చీమలు ఎక్కుతున్నాయి’ అన్న చోట,
తప్పు: స్పష్టము.
ఒప్పు: తాడు విప్పండి.